నాలుగు ఆప్షన్లు లేని ప్రశ్న

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడలు చదవడం కూడా ఒక చదువే. జావా, పైథాన్, డెవాప్స్ బోర్డుల మధ్య కాస్త చిన్న అక్షరాలతో ఇంకొన్ని కాగితాలు కనిపిస్తాయి. మెడికల్ కోడింగ్, క్లినికల్ శాస్, ఫార్మకోవిజిలెన్స్, క్లినికల్ రీసెర్చ్. ఇవి బీటెక్ పిల్లల కోసం అతికించినవి కావు. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, జువాలజీ, బోటనీ చేసి వచ్చినవాళ్ల కోసం. వరంగల్, నల్లగొండ, కరీంనగర్, మహబూబ్‌నగర్ నుంచి, అటు గుంటూరు, కర్నూలు నుంచి కూడా వస్తారు. హాస్టల్లో ఒక మంచం, మెస్సులో రెండు పూటల భోజనం, చేతిలో మార్కుల మెమో. ముందున్న దారులు రెండు. ఒకటి, మూడు నెలల కోర్సు చేసి ఏదో ఒక ఉద్యోగంలో పడటం. రెండోది, సీఎస్‌ఐఆర్ నెట్ కొట్టి పీహెచ్‌డీలో చేరడం.

రెండిట్లో ఏది మంచిదని ఈ వ్యాసం తేల్చదు. నా ఫిర్యాదు వేరే. ఈ నిర్ణయం తీసుకునే కుర్రాళ్లలో, అమ్మాయిల్లో చాలామంది రీసెర్చ్ అనేది ఎలా జరుగుతుందో ఒక్కసారి కూడా కళ్లారా చూసి ఉండరు. సిలబస్ తెలుసు. పాత ప్రశ్నపత్రాలు తెలుసు. కటాఫ్ తెలుసు. అయిదేళ్లు చేయబోయే పని మాత్రం తెలియదు. పెళ్లిచూపులకు కూడా ఇంతకంటే ఎక్కువ విచారిస్తారు కదా!

దీనికి మందు ఖరీదైనదేం కాదు. ఒక రోజు ఖర్చు పెట్టి ఏదైనా ఒక స్టూడెంట్ రీసెర్చ్ సింపోజియానికి వెళ్లి రావాలి. పెద్ద పెద్ద హోటళ్లలో జరిగే అంతర్జాతీయ సదస్సుకు కాదు. పీహెచ్‌డీ విద్యార్థులు తమంతట తాము నడుపుకొనేదానికి. మన ఊళ్లో దీనికి మంచి ఉదాహరణ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని స్కూల్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ రీసెర్చ్ స్కాలర్లు నిర్వహించే ‘బయోక్వెస్ట్’. పేరుకు ఇన్‌హౌస్ సింపోజియం. మొక్కల మీద పనిచేసేవాళ్లు, జంతుకణాల మీద పనిచేసేవాళ్లు, కంప్యూటర్ ముందు కూర్చుని ప్రొటీన్ల లెక్కలు వేసేవాళ్లు ఒకే కప్పు కింద తమ పని చెప్పుకొంటారు. కొంతమంది మైకు ముందు మాట్లాడతారు. మిగతావాళ్లు పోస్టర్ తగిలించి దాని పక్కన నిలబడతారు.

అసలు చూడాల్సింది ఆ పోస్టర్ల దగ్గరే. ఎందుకో ఒక ఉదాహరణతో చెప్తాను. మన యూనివర్సిటీల్లో, కాలేజీల్లో బాగా కనిపించే టాపిక్ ఒకటుంది. ఏదో ఒక మొక్క ఆకులు ఎండబెట్టి, రసం తీసి, క్యాన్సర్ కణాల మీద వేసి, అవి చచ్చిపోయాయని చూపించడం. పోస్టర్ మీద గ్రాఫ్ అందంగా ఉంటుంది. డోసు పెరిగేకొద్దీ గీత కిందికి దిగుతుంది. పక్కన నిలబడ్డ స్కాలర్ ఉత్సాహంగా చెప్తుంటే, అటుగా వచ్చిన సీనియర్ ఒకరు ఆగి మెల్లగా మొదలుపెడతారు. ‘రసాన్ని దేంట్లో కలిపావు?’ డీఎంఎస్‌ఓలో సార్. ‘ఉత్త డీఎంఎస్‌ఓ వేసిన కణాలు ఏమయ్యాయి?’ ఉంది సార్, ఈ మొదటి బార్ అదే. ‘మామూలు కణాల మీద వేసి చూశావా?’ ఇక్కడ కాస్త నిశ్శబ్దం. క్యాన్సర్ కణాల్నీ, మంచి కణాల్నీ ఒకేలా చంపేదాన్ని మందు అనం, విషం అంటాం. అది ఆ కుర్రాడికీ తెలుసు. తెలిసింది గానీ, ఎవరో ఎదురుగా నిలబడి అడిగేదాకా తగల్లేదు.

ప్రశ్నలు అక్కడితో ఆగవు. కణాలు బతికున్నాయా లేదా చూడటానికి ఎక్కువమంది వాడేది ఎంటీటీ పరీక్ష. పసుపుపచ్చ రసాయనం వేస్తే బతికున్న కణాలు దాన్ని ఊదారంగులోకి మారుస్తాయి. రంగు ఎంత చిక్కగా ఉంటే అంత ప్రాణం ఉన్నట్టు లెక్క. కానీ మొక్కల రసాల్లో ఉండే కొన్ని పదార్థాలు కణాలతో పని లేకుండానే ఆ రంగు మార్చేయగలవు. అంటే కణాలు చచ్చినా మీటరు మీద బతికున్నట్టు అంకె రావచ్చు. ‘కణాలు లేకుండా ఉత్త రసం, ఎంటీటీ కలిపి చూశావా?’ అనే ప్రశ్నకు ఏ గైడుబుక్కులోనూ ఆప్షన్ ఎ, బి, సి, డి ఉండవు. చూశాను, లేదా చూడలేదు. చూడకపోతే సోమవారం ల్యాబ్‌కు వెళ్లి చూడాలి. అంతే.

ఈ నాలుగు నిమిషాల సంభాషణే రీసెర్చ్. మిగతా రోజులన్నీ ఈ నాలుగు నిమిషాలకు జవాబు తయారు చేసుకోవడమే.

ఇప్పుడు అమీర్‌పేట గదిలో జరిగే చదువును దీని పక్కన పెట్టి చూడండి. సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పేపర్‌లో మూడు భాగాలు. పార్ట్ ఎలో 20 ప్రశ్నలిచ్చి 15 రాయమంటారు, బిలో 50కి 35, సిలో 75కి 25. మొత్తం 200 మార్కులు, మూడు గంటలు. పార్ట్ సిలో ఒక్కో ప్రశ్నకు 4 మార్కులు, తప్పు రాస్తే ఒకటి కోత. ఈ పరీక్షను తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. పార్ట్ సిలో ప్రయోగాన్ని అర్థం చేసుకుంటే తప్ప జవాబు దొరకని ప్రశ్నలు ఉంటాయి. బట్టీ పట్టినవాళ్లు అక్కడే ఆగిపోతారు. పైగా డబ్బుల సంగతి చిన్నదేం కాదు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000, ఇంటద్దె అదనం. నెట్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరినవాళ్లకు ఇచ్చే నాన్‌నెట్ ఫెలోషిప్ ఏళ్ల తరబడి 8,000 దగ్గరే ఆగిపోయింది. ఇంటికి పైసలు పంపాల్సిన పిల్లకు ఈ తేడా ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి కోచింగ్‌కు వెళ్లండి, వద్దనను.

కానీ ఆ పరీక్ష మనసుకు ఒక అలవాటు చేస్తుంది. ప్రతి ప్రశ్నకూ జవాబు ఎక్కడో ఇప్పటికే ఉంది, దాన్ని త్వరగా పట్టుకోవడమే తెలివి అనే అలవాటు. రెండేళ్లు ఆ అలవాటులో ఉండి ల్యాబ్‌లో కాలు పెట్టినవాళ్లకు మొదటి ఏడాది నరకంలా ఉంటుంది. ప్రయోగం ఫెయిలైతే తాము ఫెయిలైనట్టు అనుకుంటారు. బ్యాండు రాకపోతే గైడ్‌కు చెప్పడానికి భయపడతారు. తెలియదు అనే మాట నోటికి రాదు. ర్యాంకర్లలోనూ పీహెచ్‌డీ మధ్యలో వదిలేసేవాళ్లు ఉంటారు. చాలాసార్లు అక్కడ తక్కువైంది తెలివి కాదు, తెలియనితనంతో రోజూ కాపురం చేసే ఓపిక. ఆ ఓపిక ఎలా ఉంటుందో కళ్లకు కనిపించే చోటు సింపోజియమే.

అమీర్‌పేట నుంచి మెట్రో బ్లూ లైన్‌లో నాగోల్ వైపు ఒక్క స్టేషన్ వెళ్తే బేగంపేట. పాత ఎయిర్‌పోర్టు దగ్గర సర్ రోనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న, హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపును సూక్ష్మదర్శిని కింద పెట్టి, అంతకుముందు చూడని గుండ్రటి కణాల్ని రాస్ గుర్తించింది ఇక్కడే. వాటిలో మలేరియా క్రిమిలో ఉండేలాంటి నల్లటి రేణువులు కనిపించాయి. ఇదంతా జీకే పుస్తకాల్లో ఉంటుంది. 1902లో నోబెల్ వచ్చిందన్న బిట్టు కూడా ఉంటుంది. బిట్టు పుస్తకంలో లేని సంగతి ఒకటుంది, నాకు అదే ముఖ్యం. ఆ ఏడాది డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆయన వ్యాసం శీర్షికలో ‘మలేరియా రహస్యం ఛేదించాను’ అని లేదు. మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనబడ్డ కొన్ని వింత రంగు కణాల గురించి, అన్నట్టుగా ఉంటుంది. రెండంటే రెండే దోమలు! పైగా ఆయన తన స్లైడ్లను ఇతరులకు చూపించాడు, లండన్‌లో ఉన్న ప్యాట్రిక్ మాన్సన్‌కు పంపాడు. వాళ్లు ఏమనుకున్నారో కూడా అదే వ్యాసంతోపాటు అచ్చయింది.

అంటే ఏమిటి? నాకు ఇది కనిపించింది, మీకేమనిపిస్తోందో చూడండి అని నలుగురి ముందు పెట్టాడు. కొద్ది వారాల్లోనే బదిలీ అయి ఊరు విడిచిపోయాడు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి దోమ ద్వారా జబ్బు ఎలా చేరుతుందో తేల్చాడు. ఆ ఫలితాన్ని 1898 జులైలో ఎడిన్‌బరోలో జరిగిన వైద్యుల సమావేశంలో మాన్సన్ చదివి వినిపించాడు. మనకు గుర్తుండేది దోమ. దోమకూ నోబెల్‌కూ మధ్య ఒక స్లైడు చేతులు మారింది, కొందరు అనుమానపడ్డారు, ఒక సభలో లేచి చెప్పారు. ఆ మధ్యలో జరిగిన పనికే ఇప్పుడు మనం సింపోజియం అని పేరు పెట్టుకున్నాం.

సరే, మన దగ్గర సింపోజియాలకు మంచి పేరుందా అంటే, నిజం చెప్పాలి, అంతగా లేదు. దానికి కారణం కొంత నిబంధనలే. 2016 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేముందు ఒక పేపరు అచ్చు వేయాలి, సదస్సుల్లో రెండుసార్లు సమర్పించాలి. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఫలితం ఏమైంది? సర్టిఫికెట్ల సంత మొదలైంది. ఫీజు కడితే చాలు, పదిమంది కూర్చున్న గదిలో అయిదు నిమిషాలు స్లైడ్లు చదివి, ఒక్క ప్రశ్న కూడా ఎదుర్కోకుండా, లంచ్ చేసి, ఫోల్డర్, పెన్ను, సర్టిఫికెట్ తీసుకుని వచ్చేయొచ్చు. శాలువాలు, జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి గంటసేపు ఉపన్యాసం, చివర్లో ‘టైమ్ లేదు కాబట్టి ప్రశ్నలు టీ బ్రేక్‌లో అడగండి’. ఇలాంటివి చూసినవాళ్లు సింపోజియం మాట ఎత్తితే నవ్వడంలో ఆశ్చర్యమేముంది.

2022 నవంబర్‌లో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ తప్పనిసరి తీసేశారు. కొందరు ప్రొఫెసర్లు ప్రమాణాలు పడిపోతాయని బాధపడ్డారు. నాకైతే సంతోషమే. బలవంతంగా వచ్చేవాడు వెళ్లిపోతే, నిజంగా మాట్లాడాలనుకునేవాడికి టైమ్ దొరుకుతుంది. భయం ఒకటే. తప్పనిసరి కాదు కాబట్టి అసలు జరపడమే ఎందుకని డిపార్ట్‌మెంట్లు చేతులు దులుపుకుంటాయేమోనని. ముఖ్యంగా బడ్జెట్ లేని రాష్ట్ర యూనివర్సిటీల్లో. అక్కడి స్కాలర్‌కు ఇంకో ల్యాబ్‌వాళ్ల ముఖం చూసే అవకాశం ఏడాదికి ఇదొక్కటే.

మంచి సింపోజియాన్ని ఎలా గుర్తుపట్టాలని ఎవరైనా అడిగితే నా కొలబద్ద ఒకటే: ప్రోగ్రామ్ షీటులో ప్రశ్నలకు ఎంత టైమ్ ఇచ్చారో చూడండి. పదిహేను నిమిషాల ప్రసంగంలో అయిదు నిమిషాలు ప్రశ్నలకు ఉంటే వెళ్లండి. అతిథుల పేర్లు ఒక పేజీ, విద్యార్థుల పేర్లు అరపేజీ ఉంటే ఇంట్లో కూర్చుని చదువుకోవడం మేలు.

ఇక భాష సంగతి. దీని గురించి ఎవరూ బహిరంగంగా మాట్లాడరు, అందుకే కాస్త గట్టిగానే అంటున్నా. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన విద్యార్థి పెద్ద హాల్లో లేచి ఇంగ్లిష్‌లో ప్రశ్న అడగడు. అడగలేక కాదు, ఒక్క పదం తప్పు పోతే పక్కవాళ్లు నవ్వుతారని. అలా ఎన్ని మంచి ప్రశ్నలు కుర్చీల్లోనే ఉండిపోయాయో లెక్క లేదు. పోస్టర్ దగ్గర ఈ బాధ లేదు. ఎదురుగా ఉన్నది మనలాంటి స్కాలరే. ‘అన్నా, ఈ బ్యాండు ఇక్కడెందుకు రెండుగా వచ్చింది?’ అని అడిగితే చాలు. వాళ్లు కూడా హాయిగా ఊపిరి పీల్చుకుని తెలుగులో చెప్పేస్తారు. జీన్, ప్రొటీన్, ప్రైమర్ ఎలాగూ ఏ భాషలోనైనా అవే. నా మాట వింటే నిర్వాహకులు ఇంకో అడుగు ముందుకు వేయాలి. సెషన్ ఛైర్ మైకు పట్టుకుని ‘ప్రశ్న తెలుగులో అయినా, హిందీలో అయినా అడగొచ్చు, నేను ఇంగ్లిష్‌లో చెప్తాను’ అని ఒక్క మాట అంటే హాలు స్వభావమే మారిపోతుంది. ఖర్చు సున్నా.

ఇక్కడే నాకో ఆశ ఉంది. మ్యాపు ఒకసారి చూడండి. బ్లూ లైన్ తూర్పు కొసన హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ, తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, ఉస్మానియా. పడమటి కొస రాయదుర్గంలో దిగి కాస్త ముందుకెళ్తే గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ. నడిమధ్యలో అమీర్‌పేట. అక్కడ రెడ్ లైన్ ఎక్కి ఒక్క స్టేషన్ వెళ్తే పంజాగుట్ట, అక్కడే నిమ్స్. 1964లో ఎముకల ఆసుపత్రిగా మొదలై, 1989 చట్టంతో విశ్వవిద్యాలయ స్థాయి వైద్యసంస్థ అయిన నిమ్స్‌లో పీజీ డాక్టర్లూ థీసిస్ రాస్తారు. ల్యాబుల్లో కణాల మీద పనిచేసేవాళ్లూ, వార్డుల్లో రోగుల్ని చూసేవాళ్లూ ఒకే నగరంలో ఉండి ఒకరి పోస్టర్ ఒకరు చూసే సందర్భాలు మాత్రం తక్కువ. వేలమంది సైన్స్ విద్యార్థులు ఆ రెండింటి మధ్య హాస్టళ్లలో పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు.

ఏడాదికి ఒక్క ఆదివారం సాయంత్రం, పంజాగుట్టలోనో అమీర్‌పేటలోనో ఏదైనా ఒక హాల్లో, ఈ సంస్థల పీహెచ్‌డీ విద్యార్థులు ఒక యాభై పోస్టర్లు తెచ్చి తగిలిస్తే? కొత్తగా తయారు చేయక్కర్లేదు. అంతకుముందు ఏదో సదస్సుకు ప్రింట్ చేయించి, చుట్టి, బీరువా మీద పడేసినవే చాలు. ముఖ్య అతిథి వద్దు, శాలువా వద్దు. టీ, సమోసా ఉంటే బాగుంటుంది. కోచింగ్ సెంటర్లు తమ విద్యార్థుల్ని మూడు గంటలు వదిలితే చాలు. సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం, సెప్టెంబర్ 26 సందర్భంగా సీసీఎంబీ తలుపులు తెరిచినప్పుడు బడిపిల్లలు వరుసలు కట్టి వెళ్తారు. అది ఎంతో మంచిది. కానీ అక్కడ చూపించేది తేలిపోయిన సైన్స్. ఎమ్మెస్సీ చదివినవాళ్లు చూడాల్సింది ఇంకా తేలనిదాన్ని.

స్కాలర్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. అచ్చు కాని డేటా బయట పెడితే ఎవరైనా కొట్టేస్తే? ఈ భయం ఉత్తది కాదు, నాలుగేళ్ల కష్టం అది. దానికి పాత ఉపాయాలే ఉన్నాయి. జీన్ పేరు దాచి ‘జీన్ ఎక్స్’ అని రాసుకోండి. అచ్చయిపోయిన పనే పెట్టండి. గైడ్‌ను ముందే అడగండి. అయినా నెట్‌కు చదువుకునే పిల్ల మీ నోట్‌బుక్ ఎత్తుకుపోయి ఏ ల్యాబ్‌లో ప్రయోగం చేస్తుంది? మీ పని ఏమిటో ఆ అమ్మాయికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే, రేపు వైవాలో బయటి ఎగ్జామినర్‌కు ఎలా చెప్తారన్నది మాత్రం ఆలోచించుకోవాల్సిన విషయం.

వెళ్లి చూసినవాళ్లందరూ పీహెచ్‌డీ వైపు పరిగెత్తాలని నేననను. కొందరికి అక్కడే తెలిసిపోతుంది, ఇది మనవల్ల కాదని. ఒకే బార్ గ్రాఫ్ కోసం పద్నాలుగు నెలలు పట్టిందని ఒక స్కాలర్ నవ్వుతూ చెప్తే, ఆ నవ్వు చూసి వెనక్కి తగ్గేవాళ్లుంటారు. మంచిదే. మెడికల్ కోడింగ్ చేసి నెలనెలా జీతం తెచ్చుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. మందులు వాడాక వచ్చే దుష్ఫలితాల రిపోర్టులు జాగ్రత్తగా చదివే ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగి చేసేది కూడా సైన్స్ పనే. ఇరవై మూడేళ్ల వయసులో చూసి వద్దనుకోవడం వేరు. ఇరవై ఎనిమిదేళ్లకు, మూడు అటెంప్టులు, ఒక అప్పు, సగం థీసిస్ చేతిలో పట్టుకుని ‘నాకు ఇది ముందే తెలిస్తే’ అనుకోవడం వేరు. ఊళ్లో పొలం కౌలు మీదో, మెషిన్ కుట్టు మీదో హాస్టల్ ఫీజు కడుతున్న ఇంటికి ఈ అయిదేళ్ల తేడా చాలా పెద్దది.

వెళ్లే ముందు రెండు మూడు మాటలు. లైఫ్ సైన్సెస్ డిపార్ట్‌మెంట్ల నోటీసులు గమనించండి. ఇన్‌హౌస్ అని రాసి ఉన్నా, బయటి విద్యార్థులు వినడానికి రావొచ్చా అని నిర్వాహకులకు ముందే రాసి అడగండి. వాళ్లూ మీకంటే నాలుగేళ్లు పెద్ద పిల్లలే, మర్యాదగా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అబ్‌స్ట్రాక్ట్ పుస్తకం దొరికితే ముందురోజు రాత్రి తిరగేసి, అర్థమైన మూడింటికి టిక్కు పెట్టుకోండి. అన్నీ చూడాలని పరిగెత్తితే ఏదీ చూడరు. పోస్టర్ దగ్గరకు వెళ్లాక అవార్డు పొందినదాని ముందు గుంపులో నిలబడకండి. ఎవరూ లేని పోస్టర్ పక్కన ఒంటరిగా ఫోను చూసుకుంటున్న స్కాలర్ దగ్గరకు వెళ్లండి. ఏం అడగాలో తెలియకపోతే, ఇది అడగండి: ‘ఇందులో మీకు ఇంకా అర్థం కానిది ఏంటక్కా?’ ఆ తర్వాత ఇరవై నిమిషాలు మీరు మాట్లాడక్కర్లేదు.